బావి లోతు, బొగ్గు ఖర్చు: సంప్రదాయ ఇంధనముల లాభనష్టములు

సేద్యమునకు నేల, నీరు, విత్తనము ఎంత ముఖ్యమో శక్తియు అంత ముఖ్యము. బావినుండి నీరు తోడవలెనన్నను, వేరుశెనగ కాయలు ఒలువవలెనన్నను, పట్టుగూళ్ళను ఉడికించి దారము తీయవలెనన్నను, ఇంట అన్నము వండవలెనన్నను ఏదో ఒక శక్తి ఖర్చు కాక తప్పదు. కట్టె, పిడక, కిరసనాయిలు, డీజిలు, వంటగ్యాసు, బొగ్గు, జలవిద్యుత్తు - వీనిని సంప్రదాయ ఇంధనములనియు, సంప్రదాయ శక్తి వనరులనియు చెప్పుదురు. వీనివలన రైతునకు గల మేలు ఏమి, కీడు ఏమి అను విషయమును హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులు ప్రత్యేకముగా తెలిసికొనవలసియున్నది. ఏలయన ఇచట సాలుకు పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్న, చిత్రావతి ఏరులు ఏడాదిలో అనేక మాసములు ఇసుక మేటలుగానే ఉండును. కావున ఈ సీమలో పైరు పండుట బావిపై ఆధారపడియున్నది; బావి ఇంధనముపై ఆధారపడియున్నది.

2022 ఏప్రిలు నెలలో అనంతపురము జిల్లానుండి విడదీసి ఏర్పరచిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు ఊళ్ళును చేరినవి. జిల్లా పేరు మారినను నేల స్వభావము మారలేదు. అడుగున గట్టిరాయి. పైనున్న చిల్లురాతి పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుచును. వాన నీరు దిగుట నెమ్మది, మనము తోడుట వేగము. ఈ సంగతిని మనసునందుంచుకొని ఒక్కొక్క ఇంధనమును పరిశీలింతము.

కపిలనుండి కరెంటు వరకు

పూర్వము మన బావులపై కపిల ఆడుచుండెడిది. ఒక జత ఎద్దుల బలము ఇంచుమించు ఒక అశ్వశక్తికి సమానము. వానికి మేతయే ఇంధనము. ఆ మేత రైతు పొలమునందే పండెను. వాని పేడ తిరిగి పొలమునకే చేరెను. ఇది ఆ పద్ధతిలోని గొప్ప లాభము. ఇక నష్టమేమనగా, మనిషి, ఎద్దులు ప్రొద్దుననుండి కష్టపడినను తడియు భూమి కొద్దిపాటిది. నీరు లోతునకు పోయినచో కపిల పనికిరాదు.

అయితే ఒక విషయము గమనింపదగినది. ఎద్దులు అలసినప్పుడు బావికి కూడ విశ్రాంతి దొరికెడిది. రాత్రి ఊట తిరిగి ఊరెడిది. శక్తి కొరతయే ఆనాడు నీటికి కాపలా కాచినది. ఇంజను, మోటారు వచ్చినపిమ్మట ఆ కాపలా పోయినది. ఇప్పుడు ఆ కాపలా రైతు తానే కాయవలసియున్నది.

డీజిలు ఇంజను

డీజిలు ఇంజనువలన లాభములు తెలిసినవే. తీగ లేని చోటికి దానిని బండిపై తీసికొనిపోవచ్చును. కరెంటు ఏ వేళకు వచ్చునో అని కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. పైరు ఎండు తరుణమున ఒక తడి ఇచ్చి పంటను దక్కించుకొనుటకు ఇది అక్కరకు వచ్చును. 30 అడుగుల లోతునుండి ఎకరమునకు రెండంగుళముల తడి ఇచ్చుటకు సుమారు 3, 4 లీటర్ల డీజిలు పట్టును.

నష్టములును గలవు. మన దేశము వాడు ముడి చమురులో నూటికి 85 పాళ్ళకు మించి విదేశములనుండి వచ్చుచున్నది. కావున ఎక్కడో యుద్ధము వచ్చినను, ఓడలు ఆగినను ఆ భారము మన పొలము గట్టుపైన నిలిచిన ఇంజనుపై పడును. రెండవది, గట్టుపైన ఉంచు పంపు నీటిని సాధారణముగా 20, 25 అడుగులకు మించి పైకి పీల్చజాలదు. అందువలన నీటిమట్టము దిగిన కొలదియు కొందరు ఇంజనును బావిలోని దిమ్మెపైకి దింపుదురు. ఇది ప్రాణాపాయకరమైన పని. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. బావివంటి ఇరుకు చోట అది నిండినచో లోపలికి దిగిన మనిషి కేక వేయుటకు కూడ వ్యవధి లేక పడిపోవును. అతనిని రక్షింపబోయి వెంట దిగినవారును ప్రాణములు కోల్పోవుదురు. కావున బావి లోపల ఇంజను నడుపరాదు. నడిపిన బావిలోనికి గాలి మారక ముందు ఎవరును దిగరాదు.

బొగ్గునుండి వచ్చు విద్యుత్తు

తీగ మనకు కనబడును గాని, ఆ తీగకు అటు కొసనున్న బొగ్గుకుప్ప కనబడదు. మన రాయలసీమలో బొగ్గుతో విద్యుత్తు ఉత్పత్తి చేయు పెద్ద కేంద్రము కడప జిల్లా ముద్దనూరు సమీపమున కలమల్ల వద్ద గలదు. రాయలసీమ తాప విద్యుత్ కేంద్రమను పేరుగల ఈ కర్మాగారములో మొదటి యంత్రము 1994లో పని ప్రారంభించెను. తరువాత క్రమముగా 210 మెగావాట్ల యంత్రములు ఐదును, 2018లో 600 మెగావాట్ల యంత్రమొకటియు ఏర్పడి మొత్తము సామర్థ్యము 1650 మెగావాట్లయినది. తెలంగాణమునందలి సింగరేణి గనులలో 1889నుండి బొగ్గు త్రవ్వుచున్నారు. ఆ బొగ్గు వందలాది కిలోమీటర్లు రైలులో ప్రయాణము చేసి ఇట్టి కేంద్రములకు చేరును.

బొగ్గు విద్యుత్తులోని మేలు ఇది: వాన పడినను పడకున్నను, గాలి వీచినను వీచకున్నను, పగలైనను రాత్రియైనను అది లభించును. మీట నొక్కిన వెంటనే మోటారు తిరుగును. ఇంటికి దీపము, ఊరికి మంచినీరు, హిందూపురమునందలి కర్మాగారములకు పని, ధర్మవరమునందలి మరమగ్గములకు కదలిక దీనివలననే చాలవరకు కలుగుచున్నవి.

ఇక కీడు. మన దేశపు బొగ్గులో బూడిద హెచ్చు. నూరు కిలోల బొగ్గు కాల్చిన 30నుండి 45 కిలోల వరకు బూడిద మిగులును. దానిలో కొంత సిమెంటుకును, ఇటుకలకును పోవును. మిగిలినదానిని చెరువులవంటి గుంటలలో నిలువచేయవలసి వచ్చును. ఎండిన బూడిద గాలికి లేచి చుట్టుప్రక్కల పైరులపైనను, మనుష్యుల ఊపిరితిత్తులలోను చేరును. బొగ్గు కాలునప్పుడు వెడలు కార్బన్ డయాక్సైడు భూమిపై వేడిని పెంచుచున్నది. అసలే వాన తక్కువైన మన సీమలో వేడి పెరిగినకొద్దీ పైరులకు నీటి అవసరము పెరుగును.

మరియొక సంగతి చాలమందికి తెలియదు. బొగ్గు కేంద్రమునకు నీరు కూడ కావలెను. పాత కేంద్రములు యూనిట్టుకు మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2015లో హద్దు విధించినది. ఒక యూనిట్టుకు ఇది స్వల్పముగా తోచును గాని, కోట్ల యూనిట్లకు లెక్కించినచో పెద్ద చెరువుల నీరగును.

జలవిద్యుత్తు

నీటినుండి పుట్టు విద్యుత్తులో పొగ లేదు, బూడిద లేదు. ఒకసారి ఆనకట్ట కట్టినపిమ్మట ఇంధనమునకు ఖర్చు లేదు. అవసరము వచ్చిన కొద్ది నిమిషములలో యంత్రమును త్రిప్పవచ్చును. 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్ట వద్దను, హంపి వద్దను గల కేంద్రములు పెక్కు ఏండ్లుగా ఈ మేలు చేయుచున్నవి. శ్రీశైలము కుడిగట్టు కేంద్రము సామర్థ్యము 770 మెగావాట్లు.

కాని ఆనకట్ట నిండుట మన చేతిలో లేదు. కరవు ఏట జలాశయము దిగిపోవును. మోటారులకు కరెంటు అత్యవసరమగునది కూడ ఆ ఏటనే. ఆనకట్ట క్రింద మునిగిన ఊళ్ళవారి నష్టమును కూడ ఈ లెక్కలో చేర్చవలెను. అంతేగాక, విద్యుత్తుకొరకు దిగువకు వదలిన నీరు తిరిగి ఎగువకు రాదు. హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకము శ్రీశైలము జలాశయమునుండియే నీరు తీసికొనుచున్నది. ఆ నీరు పెద్ద విద్యుత్ పంపులచే అంచెలంచెలుగా ఎత్తబడి 2012లో జీడిపల్లి జలాశయమునకు చేరెను. తరువాతి దశలో పెనుకొండ వద్దనున్న గొల్లపల్లి జలాశయమునకును చేరినది. అనగా మన కాలువ నీరు కూడ కరెంటుపై నడుచుచున్నది. పల్లమునకు తానై పారు కాలువ నీటికిని, మిట్టకు ఎత్తిన ఈ నీటికిని భేదము గలదు. ఎత్తిన నీటిలో ప్రతి బొట్టుకును శక్తి ఖర్చు చేర్చబడియున్నది. కావున దానిని వరిమడులలో పారబెట్టి వృథా చేయుట తగదు.

కట్టె, పిడక, వంటగ్యాసు

కట్టె మనకు దగ్గర దొరకు ఇంధనము. కందికట్టె, సర్కారు తుమ్మ, ఆకు మేపిన తరువాత మిగిలిన మల్బరి పుల్లలు, వేరుశెనగ పొట్టు - ఇవి కొనకయే లభించును. హిందూపురము పట్టుగూళ్ళకు పేరుపొందిన చోటు. గూటిలోని పురుగును వేడిచే చంపుటకును, మరగిన నీటిలో గూటిని ఉడికించి దారము తీయుటకును పొయ్యి తప్పదు. ధర్మవరపు పట్టుచీరలో ఈ పొయ్యి వేడి కూడ ఒక పాలు.

అయినను మామూలు పొయ్యిలో కట్టె వేడి నూటికి పదిపదిహేను పాళ్ళు మాత్రమే గిన్నెకు తగులును. తక్కినదంతయు గాలిలో కలసిపోవును. ఆ పొగ వండు స్త్రీలకును, ప్రక్కనుండు పసిపిల్లలకును కండ్లమంట, దగ్గు, ఊపిరితిత్తుల జబ్బులు కలిగించును. కట్టెకై తిరుగుటలో ఆడవారి కాలము ఎంతో పోవును. గుట్టలపై చెట్లు నరికినచో వాననీరు నిలువక మట్టితో సహా కొట్టుకొనిపోవును. క్రింది బావులకు ఊట తగ్గును.

పిడకల విషయములో నష్టము మరింత స్పష్టము. పేడను కాల్చుట యనగా భూమికి పోవలసిన నత్రజనిని పొగలోనికి పంపుట. అదే పేడను గోబరు గ్యాసు తొట్టిలో వేసినచో పొయ్యికి వాయువును, పొలమునకు మడ్డియెరువును రెండును దక్కును. రెండు మూడు పశువులు గల ఇంటివారు ఈ ఏర్పాటును తప్పక ఆలోచింపవలెను.

1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చుటతో వంటగ్యాసు అనేక పల్లె ఇండ్లకు చేరినది. 14.2 కిలోల గ్యాసు సిలిండరు ఒకటి రమారమి రెండు క్వింటాళ్ళకు పైబడిన కట్టె చేయు పని చేయును. గ్యాసు కూడ భూమినుండి తీసిన ఇంధనమే, దానికి వెల గలదు, చాలవరకు దిగుమతియే. అయినను ఇంటి స్త్రీల ఊపిరితిత్తుల మేలు తలచినచో వంటయింట దీనిని వదలుకొనరాదు.

ఎకరము తడికి ఎంత బొగ్గు?

ఇప్పుడు ముఖ్యమైన లెక్కకు వత్తము. ఎకరమునకు రెండంగుళముల తడి ఇచ్చుటకు ఇంచుమించు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. మోటారు, పంపు, గొట్టములు అన్నియు కలసి నూటికి 40 పాళ్ళు పనిచేయునని అనుకొందము. బాగుగా ఉంచుకొన్న సామగ్రికి ఇది సరిపోవు అంచనా. అప్పుడు,

30 అడుగుల లోతునుండి తోడిన యెడల పన్నెండున్నర యూనిట్లు కావలెను.

300 అడుగుల లోతునుండి తోడిన యెడల 125 యూనిట్లు కావలెను.

600 అడుగుల లోతునుండి తోడిన యెడల 250 యూనిట్లు కావలెను.

బొగ్గు కేంద్రములో ఒక యూనిట్టు పుట్టుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలును. తీగలలో పోవు నష్టమును కూడ కలిపి, ఆ కరెంటు అంతయు బొగ్గునుండియే వచ్చినదని లెక్కించినచో, 30 అడుగుల బావికి ఒక తడికి 10 కిలోలు, 300 అడుగుల బోరునకు ఒక క్వింటాలు, 600 అడుగుల బోరునకు రెండు క్వింటాళ్ళు బొగ్గు కాలవలెను. నీరు అంతే, ఎకరము అంతే, పంట అంతే. పెరిగినది లోతు, దానితో ఖర్చు.

కాలము లెక్క కూడ చూడుడు. 5 అశ్వశక్తుల మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు వాడును. 300 అడుగుల లోతునుండి ఒక ఎకరము తడుపుటకు ఇంచుమించు 28 గంటలు పట్టును. దినమునకు 9 గంటల చొప్పున కరెంటు ఉన్నచో మూడు దినములు దాటును.

ఉచిత విద్యుత్తు - ఉచితము కాని నీరు

మన రాష్ట్రమున 2004నుండి సేద్యపు మోటారులకు ఉచిత విద్యుత్తు ఇచ్చుచున్నారు. కరవు సీమ రైతునకు ఇది నిజముగా పెద్ద ఊరట. పైన చూపిన 125 యూనిట్లకు, 250 యూనిట్లకు రైతు తన జేబునుండి చెల్లింపవలసి వచ్చినచో మన ప్రాంతమున అనేక కమతములు బీడు పడును. ఈ మేలును తక్కువ చేసి చెప్పరాదు.

కాని కరెంటునకు వెల లేదని నీటికి కూడ వెల లేనట్లు ప్రవర్తించినచో ఆ నష్టము రైతుపైననే పడును. ఒకరు 300 అడుగులు వేసినచో ప్రక్కవారు 500 అడుగులు వేయుదురు. ఆ పిమ్మట మొదటివారు మరల 700 అడుగులకు పోవుదురు. బోరు త్రవ్వించుట, కేసింగు, మోటారు, కేబులు, ఎండిపోయిన బోరుపై తెచ్చిన అప్పు - వీనిలో ఏదియు ఉచితము కాదు. మన ప్రాంతమున రైతును అప్పులపాలు చేసినది కరెంటు బిల్లు కాదు. నీరు పడని బోరులు. ఈ పోటీని అదుపుచేయుటకే 2002లో జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము చేయబడినది. క్రొత్త బోరునకు అనుమతి తీసికొనుట, తగిన ఎడము పాటించుట దానిలోని నియమములు.

చట్టముకన్న అవగాహన మేలని చూపిన అనుభవము కూడ మన జిల్లాలకు గలదు. 2010 వరకు అనంతపురముతో సహా ఏడు కరవు జిల్లాలలో సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకములో పల్లెవారు తామే వానమాపకము చూచి, బావులలో నీటిమట్టము కొలిచి, ఉన్న నీటికి తగిన పంటను తామే నిర్ణయించుకొనిరి. కొలిచిన నీటిని రైతు వృథా చేయడు. కొలువని నీరే వృథా అగును.

గాలి, ఎండ సంగతి

రామగిరి గుట్టలపై గాలిమరలు ఏండ్లనుండి తిరుగుచున్నవి. నంబులపూలకుంట వద్ద 2016లో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము ఏర్పడినది. 2019నుండి కుసుమ్ పథకము క్రింద సౌర పంపులకు సహాయమును కేంద్ర ప్రభుత్వము ఏర్పాటు చేసినది. ఇవి తరిగిపోని వనరులు. పగటివేళ మోటారులకు ఎండ కరెంటు చక్కగా సరిపోవును. అయితే ప్రొద్దు గ్రుంకిన తరువాత దీపములకు నేటికిని ముఖ్యముగా బొగ్గే ఆధారము. కావున సంప్రదాయ ఇంధనములను ఒక్కసారిగా వదలుకొనుట సాధ్యము కాదు. పొదుపుగా వాడుకొనుట సాధ్యము. మరియు సౌర పంపునకు బిల్లు లేదు గనుక నాలుగు గంటలు ఎక్కువ తోడవచ్చునని తలచినచో బావి మరింత త్వరగా ఎండును. ఇంధనము మారినంత మాత్రమున నీరు పెరగదు.

రైతులు పాటింపవలసిన విషయములు

1. బోరు ఇచ్చు నీటికి తగిన మోటారునే అమర్చవలెను. నీరు తక్కువైనచోట పెద్ద మోటారు పెట్టుట వలన నీరు పెరగదు, మోటారు కాలును.

2. ఐ.ఎస్.ఐ. గుర్తుగల మోటారు, కెపాసిటరు, నునుపైన హెచ్.డి.పి.ఇ. లేక పి.వి.సి. గొట్టములు, రాపిడి తక్కువగల ఫుట్‌వాల్వు వాడవలెను. వీనివలన కరెంటు ఆదాయగుటయే గాక మోటారు ఎక్కువకాలము మన్నును.

3. ఆటోమేటిక్ స్టార్టరును తీసివేయవలెను. కరెంటు వచ్చిన క్షణమున అన్ని మోటారులును ఒకేసారి తిరుగుట వలన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును. దాని మరమ్మతునకు పట్టు దినములలో ఎండునది మన పైరే.

4. ఒకే ట్రాన్స్‌ఫార్మరు క్రిందనున్న రైతులు వంతులు ఏర్పరచుకొని మోటారులు నడుపుకొనవలెను.

5. బోరు క్రింద వరికి బదులు వేరుశెనగ, కంది, రాగి, మల్బరి, పండ్లతోటలు వేసికొనవలెను. బిందుసేద్యము, తుంపర సేద్యము అమర్చుకొనవలెను. 2003లో ఆరంభమైన సూక్ష్మసేద్య పథకము క్రింద సహాయమునకై గ్రామములోని రైతు సేవా సిబ్బందిని సంప్రదింపవచ్చును.

6. పొలములో నీటి గుంట, వాలుకు అడ్డముగా గట్లు, చెరువు పూడికతీత - ఇవి కూడ ఇంధనము పొదుపు చేయు పనులే. నీటిమట్టము పది అడుగులు పైకి వచ్చినచో పైన చెప్పిన ప్రతి తడికి నాలుగు యూనిట్లకు పైగా మిగులును.

7. స్టార్టరు పెట్టెకు, మోటారునకు తప్పక ఎర్తు తీగ ఉండవలెను. తడిచేతులతో మీట ముట్టరాదు. తెగి పడిన తీగను తాకక వెంటనే లైన్‌మనుకు తెలుపవలెను. అడవిపందుల కొరకు కంచెకు కరెంటు పెట్టుట నేరము. ఆ కంచెకు తగిలి చనిపోవునది తరచుగా పొరుగు రైతో, మన ఇంటివారో అగుదురు.

బొగ్గు, చమురు, కట్టె, ఆనకట్ట నీరు - ఇవన్నియు రైతునకు సేవకులే. కాని ప్రతి సేవకునికి కూలి గలదు. ఆ కూలి కొన్నిట రూకలలోను, కొన్నిట పొగలోను, కొన్నిట బావి లోతులోను చెల్లింపబడును. ఈ వారమే ప్రతి రైతును తన బావి లేక బోరు నీటిమట్టమెంతో, మోటారు ఎన్ని గంటలు నడిచినదో, ఎన్ని ఎకరములు తడిసినదో ఒక పుస్తకములో వ్రాయుట ఆరంభించవలెను. ఒక సాలు గడచునప్పటికి, వచ్చే సాలున ఎంత పైరు వేయవచ్చునో ఆ పుస్తకమే తెలుపగలదు.